ఆగిన కారుకు ముందు ట్యాంకు, ఆ తర్వాతే సెల్ఫ్

ప్రశ్న: మా బాపు కొన్న 1997 మోడల్ మారుతి 800 ఏడేళ్లుగా రేకుల షెడ్డులోనే ఉంది. ట్యాంకులో సగం దాకా అప్పటి పెట్రోలే. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. కార్బరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) మూతిలో కాస్త పెట్రోలు పోస్తే నాలుగైదు సెకన్లు నడిచి ఆగిపోతోంది. మెకానిక్ కొత్త కార్బరేటర్ వేయాలంటున్నాడు. అవసరమా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే కొనకండి. పైన పోసిన పెట్రోలుతో నాలుగు సెకన్లు నడిచిందంటే ప్లగ్గులకు కరెంటు అందుతోంది, కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) కూడా ఉంది. రానిదల్లా ట్యాంకు నుంచి రావలసిన పెట్రోలు. ట్యాంకు కడగకుండా కొత్త కార్బరేటర్ బిగిస్తే అందులోని మడ్డి దాన్నీ నాలుగు రోజుల్లో పూడ్చేస్తుంది. మూతిలో పెట్రోలు పోయడం మాత్రం ఈరోజే ఆపేయండి. ఇంజను ఎదురుకొడితే మంట నేరుగా ముఖం మీదికి వస్తుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి, కారును షెడ్డు బయటికి తోసి, దగ్గర్లో ఇసుక బకెట్ పెట్టుకుని పని మొదలుపెట్టండి. ట్యాంకు అడుగున బోల్టు ఉంటే అక్కడి నుంచి, లేకపోతే చేతి పంపుతో పెట్రోలు తీయండి. నోటితో పీల్చొద్దు. మొదట వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. డికాక్షన్ రంగు, వార్నిష్ వాసన ఉంటే అది పనికిరాదు. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తే అది నీళ్లు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రేకుల కింద పగలు వేడెక్కి ఆవిరి వదులుతుంది, రాత్రి చల్లబడి తేమగాలి పీలుస్తుంది. ఆ తేమ ట్యాంకు పైగోడకు పట్టి తుప్పు లేపుతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా నీటిని లాక్కుంటుంది, మోతాదు మించితే నీటితో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది. పెట్రోలు పీల్చే పైపు మూతి ఉండేదీ అక్కడే. ఈ పాత పెట్రోలును బైకులో పోయకండి, మోరీలో పారబోయకండి.

తుప్పు ఉంటే ట్యాంకు దించాల్సిందే. గేజీ ఫ్లోటు విప్పి, సబ్బునీళ్లతో మూడు నాలుగుసార్లు కడగండి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ట్యాంకు నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున పారబోసి, వంట సోడా నీళ్లతో కడిగి (గ్యాసు పొంగుతుంది, మూత బిగించొద్దు), మళ్లీ మంచినీళ్లు పట్టి వెంటనే ఎండలో పెట్టండి. తడి మిగిలితే గంటల్లోనే కొత్త తుప్పు వస్తుంది. బాగా ఆరాక అర లీటరు పెట్రోలు పోసి, అన్ని వైపులా తిప్పి తీసేయండి. బొక్కలు పడి ఉంటే వెల్డింగ్ చేయిస్తామని మాత్రం ఒప్పుకోకండి. ఖాళీగా కనిపించే ట్యాంకులోని ఆవిరే బాంబులా పేలుతుంది, మనుషుల ప్రాణాలు పోయాయి. ట్యాంకు మార్చడమే మంచిది.

రబ్బరు పైపులన్నీ మార్చండి. వంచితే పగుళ్లు కనిపించే పైపుకు ఇక ఆయుష్షు లేదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది కాబట్టి దానికి తట్టుకునే రకమే అడగండి. కొత్త ఫిల్టర్‌ను దాని మీది బాణం ఇంజను వైపు ఉండేలా పెట్టండి. తర్వాత పంపు చూడాలి. ట్యాంకులో కాస్త కొత్త పెట్రోలు పోసి, బ్యాటరీ నెగటివ్ మళ్లీ తగిలించి, ఇంజను అందుకోకుండా కాయిల్ వైరు తీసి, పంపు నుంచి కార్బరేటర్‌కు వెళ్లే పైపును సీసాలో పెట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు గుక్కలు గుక్కలుగా రావాలి. ఆయిల్ పుల్ల తీసి వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన వస్తే పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగి ఇంజను ఆయిల్లో కలుస్తోందని అర్థం. అప్పుడు పంపు, ఆయిల్ రెండూ మార్చాకే ఇంజను తిప్పాలి.

ఇక కార్బరేటర్. విప్పేముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. గిన్నెలో గోధుమరంగు బంక కనిపిస్తుంది. ఫ్లోటు నీడిల్ (గిన్నెలోకి పెట్రోలు వదిలే సూది) మూసుకుని అతుక్కుపోయి ఉంటే పెట్రోలు లోపలికే రాదు, తెరిచి ఇరుక్కుంటే పొంగిపోతుంది. జెట్లను (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలను) కార్బరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. తీగ గుచ్చొద్దు, రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా మైలేజీ పోతుంది. రెండు మెయిన్ జెట్ల సైజులు వేరు, అవి తారుమారు కాకూడదు. గాస్కెట్ కిట్ కొత్తది వేయండి. ఐడిల్ సోలినాయిడ్ (స్లోలో పెట్రోలు వదిలే కరెంటు వాల్వు) కీ తిప్పగానే ‘టక్’ మనాలి. అది పలకకపోతే ఎంత శుభ్రం చేసినా బండి స్లోలో నిలబడదు.

ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజను ఆయిల్ పోసి, రాత్రంతా ఉంచి, ఇంజను చేత్తో తిప్పండి. ఆయిల్, టైమింగ్ బెల్టు, బ్రేక్ ఆయిల్ మార్చి, 5 లీటర్ల కొత్త పెట్రోలుతో స్టార్ట్ చేయండి. రోడ్డెక్కేముందు ఆర్సీ గడువు చూసుకోండి: 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది.

ప్రశ్న: నాలుగేళ్లు ఆగిన ఇంజెక్షన్ (కార్బరేటర్ లేని) పెట్రోలు కారు. కీ తిప్పితే వెనక నుంచి వచ్చే గుయ్‌మనే చప్పుడు రావడం లేదు.
– జడ్చర్ల పాఠకురాలు

జవాబు: ఆ చప్పుడు ట్యాంకులోని పంపుది. ముందు ఫ్యూజు, రిలే చూపించండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి. కీ తిప్పిన మొదటి రెండు సెకన్లు పంపు కనెక్టర్‌కు 12 వోల్టులు వస్తూ కూడా పలకకపోతే బంక పట్టి పంపు బిగుసుకుంది. పంపుతోపాటు కింది జల్లెడ మార్చండి, పాత పెట్రోలు మొత్తం తీయించండి. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి ఇకపై ట్యాంకు పావు వంతు కన్నా దిగనివ్వకండి.

ప్రశ్న: పని మీద ఆరేడు నెలలు ముంబైలో ఉంటాం. కారు ఎలా వదిలి వెళ్లాలి?
– నాగర్‌కర్నూల్ పాఠకుడు

జవాబు: ట్యాంకు నిండుగా కొట్టించండి, లోపల గాలికి చోటుండదు. ఇంటి దగ్గరున్నవాళ్లు పదిహేను రోజులకోసారి కనీసం 20 నిమిషాలు నడపాలి. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే లోపల పట్టిన తేమ ఆరదు, ఆయిల్ పాడవుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి వెళ్లండి.