ఆ గంతుల వెనుక

ప్రశ్న: 1930లో వచ్చిన ‘వూపీ’ అనే అమెరికా చిత్రంలోని పాటలను మా మనుమడు ఫోనులో చూపించాడు. ఎడ్డీ క్యాంటర్ అనే నటుడు చప్పట్లు కొడుతూ గంతులు వేస్తుంటే, చిన్నప్పుడు మా ఊరి చిందు భాగోతంలో చూసిన హాస్యగాడే కళ్లముందు మెదిలాడు. ఇన్నేళ్లయినా ఆ హుషారు పాతబడలేదేమి?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ పోలిక బాగా కుదిరింది. పాటకు, ఆటకు, హాస్యానికి, గారడీకి తలా కొన్ని నిమిషాలు కేటాయించే వాడ్‌విల్ రంగస్థలం మీద, మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించవలసిన నటుడు గొంతుతోపాటు ఒళ్లంతా వాడుకోక తప్పేది కాదు. క్యాంటర్ అక్కడ పండినవాడే. గుండ్రని కళ్లను చక్రాల్లా తిప్పుతూ, అరచేతులను ఛాతీ దగ్గర టపటపా తట్టుకుంటూ, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చిన్న చిన్న గంతులతో పోయే ఆ తీరు, భాగోతంలో గజ్జెల కాలు నేలమీద నిలవనట్లే ఉంటుంది. టాకీల తొలి రోజుల్లో కెమెరా చప్పుడు రికార్డు కాకుండా దానిని గదిలో బిగించి ఉంచేవారు కనుక, అది కదలని లోటును నటుడే తీర్చవలసి వచ్చేది. ‘వూపీ’ నాటికి కెమెరాకు కొంత స్వేచ్ఛ వచ్చింది. ఈ చిత్రంతోనే సినిమాలకు నృత్యాలు కూర్చడం మొదలుపెట్టిన బస్బీ బెర్క్‌లీ నర్తకీమణుల వరుసలను పైనుంచి కూడా చూపించాడు. అయినా నా కన్ను క్యాంటర్‌నే వెతుకుతుంది. అదే చిత్రంలో ఆయన ముఖానికి నల్లరంగు పూసుకొని పాడిన పాట మాత్రం నల్లజాతివారిని కించపరిచేది. అక్కడ ఆ హుషారు నాకు రుచించదు.