చేప పాడైతే రంగు మారే పాలిమర్ ఫిల్మ్ సెన్సర్ ఎం.టెక్ ప్రాజెక్టుకి పనికొస్తుందా? ఆప్టికల్ ఫైబర్ మీద పూయాలా, గాజు పలక చాలా?

పనికొస్తుంది. కాకపోతే చేప కొనే ముందు దూది కొనుక్కోండి.

చెన్నైలో చదివేటప్పుడు నా ప్రాజెక్టూ అలా రంగు మారే పాలిమర్, పాలిఅనిలీన్ మీదే. ఐసులో పెట్టిన గిన్నెలో అనిలీన్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి అమ్మోనియం పర్‌సల్ఫేట్ పోస్తే ముందు నీలమై, ఆ తర్వాత గోరింటాకు ముద్ద రంగుకి తిరుగుతుంది. ముంచిన గాజు పలకకి ఆకుపచ్చ పొర పడుతుంది. అమ్మోనియా తగిలితే అది పాలిమర్‌కి యాసిడ్ ఇచ్చిన ప్రోటాన్లను లాగేసుకుంటుంది, పొర నీలమవుతుంది. యాసిడ్ ఆవిరి చూపిస్తే మళ్లీ ఆకుపచ్చ. పాడయ్యే చేప నుంచి వచ్చే అమీన్లూ (అమ్మోనియా జాతి ఆవిర్లు) అదే పని చేస్తాయి.

ఒక ఆదివారం తెల్లవారుజామునే కాశిమేడు చేపల రేవుకి వెళ్లి వంజరం ముక్క తెచ్చాను. టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత లోపల ఫిల్మ్ అంటించి గదిలో వదిలేశాను. నా రూమ్మేట్‌ది నెల్లూరు. "పులుసు పెట్టుకోవాల్సిన చేపని ఇట్టా చేస్తావా అన్నా" అని ఒకటే గోల. సాయంత్రానికి ఫిల్మ్ నీలం! ఫోటోలు తీసి గైడ్ గారికి చూపిస్తే ఆయన ఒకటే అడిగారు: "చేప లేకుండా పెట్టి చూశావా?"

మర్నాడు డబ్బాలో తడి దూది ఉండ పెట్టాను. మూతకి చెమట పట్టింది. నీటి బొట్టు నిలిచిన చోటల్లా నీలం మచ్చ. మామూలు నీళ్లకే యాసిడ్ కడుక్కుపోయింది! నెల రోజుల పని దూది ఉండ పాలైంది.

పొడి నైట్రోజన్‌లో టెస్ట్ చేసి గ్రాఫులు గీసేవాళ్లని నవంబర్‌లో చెన్నైకి రప్పించాలి. గోడలే చెమర్చే ఊళ్లో ఆ గ్రాఫులు దేనికి?

కాంపోజిట్ (రెండు పదార్థాలు కలిపి చేసిన పొర) అవసరం అక్కడే తెలిసింది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ బదులు పాలిస్టైరీన్ సల్ఫోనిక్ యాసిడ్ వాడండి. అదీ పొడవాటి గొలుసే కాబట్టి పాలిమర్‌తో పెనవేసుకుని ఉంటుంది, అంత తేలిగ్గా కడుక్కుపోదు. కాకపోతే తేమ పీల్చి ఉబ్బుతుంది, కాబట్టి దూది పరీక్ష దానికీ తప్పదు.

ఫోన్ కెమెరాతో రంగు కొలుస్తామంటారు చాలామంది. ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, కిటికీ పక్కన ఇంకో రంగు వస్తుంది. ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని పొర ఎంత పీల్చుకుంటుందో గీసి చూపే స్పెక్ట్రోమీటర్‌లో చూడండి: 800 నానోమీటర్ల ప్రాంతంలో ఉన్న పీక్ తగ్గి, 600 దగ్గర కొత్తది లేస్తుంది. ఆ మెషీన్ రిజిస్టర్‌లో మన పేరు వచ్చేసరికి చేప ఎలాగూ కుళ్లిపోతుంది, అది వేరే సంగతి.

ఫైబర్ జోలికి పోకండి. గాజు పలక చాలు.