సపోర్ట్ గ్రూపు గురించి అడిగారు కాబట్టి నా జాకెట్టు సంగతి చెప్పాలి

అక్కకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు, సపోర్ట్ గ్రూపులో చేర్పిస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. నేను రెండేళ్ళు వెళ్ళాను.

2018లో గుంటూరులో నాకు ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీశారు కాబట్టి చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. డ్రెయిన్ గొట్టం తీసేశాక కూడా నెల రోజులు నైటీలోనే ఉన్నాను, పైన ఒక తువ్వాలు. పెళ్ళికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పేదాన్ని. అసలు కారణం జాకెట్టు. లోపల పాత గుడ్డ మడిచి పెట్టుకుంటే దానికి బరువు ఉండదు, గంట తిరక్కుండానే ఆ వైపు పైకి జరిగిపోయేది. డాక్టర్ గారు జాకెట్టు లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ము కొనుక్కోమన్నారు. ధర విని ఊరుకున్నాను. మా అత్తయ్యతో అంటే "ప్రాణం దక్కింది, అది చాలదా అమ్మా" అన్నారు. ఆవిడ ప్రేమగానే అన్నారు. కానీ ఆ మాట విన్నాక నేనింక నోరు విప్పలేదు.

నర్సు బలవంతం మీద గ్రూపుకి వెళ్ళాను. నెలకో శనివారం, ఆస్పత్రి పై అంతస్తులో. మొదటి గంట ఆహారం మీద ఉపన్యాసం, అందులో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. టీ ఇచ్చే టైములో తెనాలి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు గారు నా పక్కన కూర్చుని, నా పమిట చూసి, "గుడ్డ పెట్టావా అమ్మాయ్? లే, నాతో రా" అన్నారు. పక్క గదిలోకి తీసుకెళ్ళి గడియ వేసి, పమిట తీసి చూపించారు. జాకెట్టు లోపల ఎడమవైపు పలచటి నూలు గుడ్డతో ఒక జేబు, అందులో దూది, దూది మధ్యలో చిన్న మూటలో గుప్పెడు ఆవాలు. బరువు కోసం ఆవాలు! తర్వాత ఆ మూట కూడా తీసి తన మచ్చ చూపించారు. అప్పటికి నాకు ఆపరేషనై ముప్పై ఎనిమిది రోజులు. నా మచ్చ నేనింకా చూసుకోలేదు, కళ్ళు మూసుకునే స్నానం చేసేదాన్ని. ఆ రాత్రి లైటు వేసి అద్దంలో చూసుకున్నాను.

ఇది ఏ డాక్టరూ చెప్పలేరు, వాళ్ళకి టైమూ లేదు. నన్నడిగితే డిశ్చార్జి కాగితాలతో పాటు ఇలాంటి ఒక మనిషి ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి. అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆవిడ తనకి ఆపరేషన్ అయ్యాక 1952లోనే ఈ పని, అంటే ఆపరేషన్ అయినవాళ్ళే కొత్తగా అయినవాళ్ళని కలిసి ధైర్యం చెప్పడం, మొదలుపెట్టింది.

గ్రూపుకి వెళితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. 1989లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ డేవిడ్ స్పీగెల్, జబ్బు ఒళ్ళంతా పాకిన 86 మంది మీద చేసిన అధ్యయనంలో, గ్రూపుకి వెళ్ళినవాళ్ళు సగటున రెట్టింపు కాలం బతికారని రాశారు. 2001లో కెనడాలో 235 మందితో చేస్తే ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ గారే 125 మందితో మళ్ళీ చేసినా మొత్తం మీద పెరగలేదు. కానీ కెనడా వాళ్ళు ఇంకోటి గమనించారు. మొదట్లో ఎక్కువ దిగులుతో ఉన్నవాళ్ళకి దిగులూ నొప్పి బాధా తగ్గాయి. మీ అక్క ఎవరితోనూ మాట్లాడటం లేదన్నారుగా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అన్ని గ్రూపులూ ఒకటి కాదు. మా వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే లక్ష్మణఫలం కషాయం మెసేజీలు, ప్రోటీన్ పౌడర్ అమ్మకాలు. కీమో మానేసి కషాయం తాగుదామా అని ఒకమ్మాయి అడిగితే నాకు భయం వేసి బయటికొచ్చేశాను. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. మాతో వచ్చే ఒకావిడ రెండు నెలలు కనపడకపోతే, నడిపేవాళ్ళు "కూతురి దగ్గరికి వెళ్ళింది" అన్నారు. ఆవిడ పోయిందని పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాం. మాకు టెన్షన్ వస్తుందని దాచారట. తర్వాత ఎవరు రాకపోయినా మాకు అదే అనుమానం, ఎవరం ఎవర్నీ అడగలేకపోయాం. స్పీగెల్ గ్రూపుల్లో చావు గురించి దాచకుండా మాట్లాడుకునేవారు. అలా మాట్లాడనిచ్చే గ్రూపు వెతకండి, శిక్షణ ఉన్న కౌన్సెలర్ కూర్చునేది అయితే ఇంకా మంచిది.

మొదటిసారి మీరూ వెంట వెళ్ళండి, కానీ బయట కూర్చోండి. లోపల ఏం మాట్లాడారని అడగొద్దు. మీ అక్కకి ఏ వైపు ఆపరేషనో, జాకెట్టు సైజు ఎంతో కింద రాయండి. ఆ జేబు ఎలా కుట్టాలో కొలతలతో సహా పెడతాను. ఆవాలు ఎండలో బాగా ఆరబెట్టాకే మూట కట్టాలి, లేకపోతే చెమటకి వాసన వస్తాయి.