ఇంటి నుంచి పని అడిగిన ఉద్యోగికి జవాబు ఇచ్చే ముందు

గవర్నరుపేట,
విజయవాడ.

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

బ్రాడీపేటలోని నీ టాక్స్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ప్రసూతి సెలవు ముగిశాక ఆరు నెలలు ఇంటి నుంచే పని చేస్తానని అడిగిందనీ, కాదంటే చట్టం ఊరుకోదేమోననీ రాశావు. బ్రిటన్‌లో ఇది హక్కు అని నీ స్నేహితుడు చెప్పడంతో భయం పెరిగినట్టుంది. 2024 ఏప్రిల్ 6 నుంచి అక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అలా అడగవచ్చు, యజమాని రెండు నెలల్లో తేల్చి చెప్పాలి; కానీ అది అడిగే హక్కే, పొందే హక్కు కాదు.

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే అలాంటి హక్కు లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మాత్రం, పని స్వభావం అందుకు వీలైనదైతే, సెలవు తర్వాత ఇద్దరూ కుదుర్చుకున్న కాలానికి, షరతులకు లోబడి ఇంటి నుంచి పనికి యజమాని అనుమతించవచ్చునని చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. ‘అనుమతించవచ్చు’ అన్నదాన్ని నువ్వు ‘అనుమతించాలి’ అని చదువుకున్నావు. అయితే మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వేరే సంగతి, అందులో నీ ఇష్టాయిష్టాలకు చోటు లేదు. ఇప్పుడు తొమ్మిది మందే ఉన్నారు కదా అని తప్పుకోలేవు. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా పది మంది పనిచేసి ఉంటే చట్టం వర్తిస్తుంది, కనుక రిటర్నుల రద్దీకి పెట్టుకున్న తాత్కాలిక గుమాస్తాలను కూడా లెక్క వేసుకో.

నా మాటగా అయితే ఒప్పుకో. పని తెలిసిన మనిషిని పోగొట్టుకుని కొత్తవాళ్లకు ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్పడం కంటే అది చవక. కానీ నోటిమాటగా ఒప్పుకోవద్దు. పన్నెండేళ్ల క్రితం నేను ఒక ఉద్యోగినికి ‘సరేలేమ్మా, ఇంట్లోనే చేసుకో’ అని, మూడు నెలలకు పని తగ్గిందనిపించి మర్నాటి నుంచి రమ్మన్నాను. ఎంతకాలమని ఇద్దరం ఎక్కడా రాసుకోలేదు, ఆమె మానేసింది. తప్పు నాదే.

కాగితం మీద కాలం, పని వేళలు, జీతం స్పష్టంగా ఉండాలి. ఇంటి నుంచి చేస్తోందని జీతం కోయకు. జీఎస్‌టీ రిటర్నులకు 11, 20 తేదీలు గడువు కాబట్టి, ఆ ముందు రోజుల్లో ఆఫీసుకు రావాలా వద్దా ఇప్పుడే తేల్చుకోండి. ఖాతాదారుల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, అంటే వాళ్ల తరఫున కంప్యూటర్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటివి, మాత్రం నీ బీరువా దాటకూడదు. సంతకం నీ దగ్గర, లెక్కల తయారీ ఆమె దగ్గర అన్న విభజనకు ఆమె కూడా సంతోషిస్తుంది, ఎందుకంటే ఏదైనా పోతే మాట పడేది ఆమే.

ఇంట్లో పనికి వీలుందో లేదో కూడా అడుగు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆఫీసు పొడిగానే ఉంది, మా వాళ్ల ఇళ్లలోనే కరెంటు లేదు. పసిబిడ్డను ఆ వేళల్లో ఎవరు చూస్తారన్నది కరెంటు కంటే పెద్ద ప్రశ్న, దాన్ని ఆరా తీసినట్టు కాకుండా అడగాలి.

ఒప్పందాన్ని తెలుగులోనే రాయి, ఆమె ఇంట్లోవాళ్లూ చదువుకుంటారు. సంతకాలకు ముందు ఒక ప్రతి నాకు పంపు.

ఇట్లు,
పెద్దమ్మ