పిల్లిపిల్లను తెచ్చేముందు అత్తగారితో మాట్లాడండి

ప్రశ్న: మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మావారు, ఆరో తరగతి చదివే పాప, అత్తగారు, నేను. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. పిల్లిని పెంచుకుందామని పాప ఏడాదిగా అడుగుతోంది. మా ఆఫీసులో ఒకావిడ ఇంట్లో పిల్లి పిల్లలు పెట్టింది. ఒకదాన్ని ఇస్తానంది. దానికిప్పుడు ఐదు వారాలు. అత్తగారేమో ‘పిల్లి ఎదురైతేనే వెనక్కి వచ్చి కూర్చుంటాం, దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటామా? బొచ్చుతో ఆయాసం వస్తుంది’ అంటున్నారు. మావారు ‘తెచ్చుకుంటే నీదే పూచీ’ అని తేల్చేశారు. మాది శాకాహారం. పాలు, పెరుగన్నం పెట్టి పెంచొచ్చా? నేనెప్పుడూ ఏ జంతువునూ పెంచలేదు. ఇల్లంతా పాడుచేస్తుందేమో, దానికి అలవాట్లు నేర్పలేనేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు కొంచెం టైముంది. అది మంచిదే. ఐదు వారాల పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసుకురాకూడదు. కనీసం ఎనిమిది వారాలు నిండాలి, పన్నెండు వారాలు ఉంచగలిగితే మరీ మంచిది. తోడబుట్టినవాటితో కుస్తీలు పడుతూనే ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పి పుడుతుందో అది నేర్చుకుంటుంది. ఆ పాఠం మనం చెప్పగలిగేది కాదు. మరీ చిన్నప్పుడే వేరుచేసిన పిల్లలు తర్వాత చేతులు కొరకడం, ప్రతిదానికీ బెదరడం ఎక్కువ. ఆవిడతో ఈ మాట చెప్పి గడువు అడగండి. ఈలోగా వారానికోసారి పాపను అక్కడికి తీసుకెళ్ళండి. పిల్లికూనలు మనుషులకు మాలిమి అయ్యే వయసు ఇదే. ఇప్పుడు నాలుగు చేతులు మెల్లగా నిమిరితే రేపు మీ ఇంట్లో అంత భయపడదు.

ఆ గడువులో మీరు చేయాల్సిన అసలు పని ఇంట్లోనే ఉంది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒకటే తోచింది. మీరూ మీవారూ ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్ళాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కూనతో ఇంట్లో ఉండేది ఎవరు? వద్దంటున్న మీ అత్తగారే. కాబట్టి ఆవిడ ఒప్పుకోలు మర్యాద కోసం అడిగేది కాదు. అది లేకపోతే ఈ పని సాగదు. ఆవిడ కసురుతూ, అది మంచం కింద దాక్కుంటూ, సాయంత్రం మీరొచ్చేసరికి ఇద్దరి ఫిర్యాదులూ మీ నెత్తిన పడుతూ ఉంటే నెల తిరక్కుండానే దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటారు. పాపకు అప్పుడు కలిగే బాధ, ఇప్పుడు వద్దంటే కలిగే బాధ కంటే చాలా పెద్దది.

శకునం గురించి ఆవిడతో వాదించకండి. చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం ఒక సాయంత్రం మాటలతో పోదు. వాదిస్తే పట్టుదల పెరుగుతుంది. ఆయాసం మాటను మాత్రం శ్రద్ధగా వినండి, అది కొట్టిపారేసే మాట కాదు. పిల్లి పడకపోవడానికి ముఖ్య కారణం వెంట్రుక కాదు, దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీన్. అది ఒళ్ళు నాకినప్పుడు బొచ్చుకు అంటుకుని, దుమ్ములో కలిసి గాల్లో తిరుగుతుంది. కొందరికి తుమ్ములు, కళ్ళ దురదతో సరిపోతుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆయాసం పెరగవచ్చు. అత్తగారికి ఇప్పటికే ఆస్తమా ఉంటే డాక్టరును అడగకుండా ముందుకు వెళ్ళకండి. లేకపోతే పిల్లి ఉన్న ఇంటికి ఒకటి రెండుసార్లు తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టండి. మీ కొలీగ్ ఇల్లే అయితే కూననూ చూసినట్టవుతుంది.

తర్వాత ఆవిడకు గట్టిగా మాట ఇవ్వండి. ‘అత్తయ్యా, మీ గదిలోకి, పూజగదిలోకి దాన్ని రానివ్వం. దాని పని ఒక్కటి కూడా మీ మీద పడనివ్వం. మేం లేనప్పుడు పాప గదిలోనే ఉంటుంది. అలా చూసి చెప్పండి’ అనండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, ‘కాస్త అన్నం పెట్టండి’ అని ఆఫీసు నుంచి ఫోన్ చేయకూడదు. పూజగది తలుపు వేసి ఉంచడం ఎలాగూ అవసరమే. వెలుగుతున్న దీపం, వేలాడే ఒత్తుల దారం, రెండూ కూనకు ప్రమాదమే. ఇంత చేశాక కూడా ఆవిడ ససేమిరా అంటే ఇప్పటికి తేవద్దనే నా సలహా. పాపతో ‘నానమ్మకు పడదు, ఆవిడ ఇల్లు కూడా కదా’ అని ఉన్నమాట చెప్పండి. పదకొండేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

‘నీదే పూచీ’ అన్న మీవారి మాట కూడా ఆలోచించదగ్గదే. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మరో ఐదారేళ్ళలో పాప చదువుకని హాస్టల్‌కు వెళ్తే పిల్లి మీ దగ్గరే ఉంటుంది. అడుగుతున్నది పాపే అయినా పెంచబోయేది మీరు. ‘ఆఖరికి నాకే మిగిలినా ఇష్టంగానే చేస్తాను’ అని మీకు అనిపిస్తేనే తెచ్చుకోండి. మీవారిని అన్నీ చేయమనక్కర్లేదు, ఒక్కటి అప్పగించండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఆ ఖర్చు చూడటం ఆయనకు ఇస్తే సరి.

ఇక తిండి. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. పెరుగన్నంతో పిల్లి బతకదు. మాంసంలోంచే పోషకాలు తీసుకునేలా దాని శరీరం ఉంటుంది. టారిన్ అనే పోషకం దానికి తిండిలోంచే అందాలి, అన్నంలో, పప్పులో అది ఉండదు. నెలల తరబడి అందకపోతే కంటిచూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. పాలు పోస్తే ఆబగా తాగుతుంది కానీ తల్లిపాలు మానాక ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లులకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న కూనకు రెండు రోజుల విరేచనాలే ప్రాణం మీదికి తెస్తాయి. సాంబారు, కూర కలిపిన అన్నం అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి.

అలాగని మీ వంటింట్లో మాంసం వండక్కర్లేదు. పిల్లికూనల కోసమే చేసిన డ్రై ఫుడ్ ప్యాకెట్లు దొరుకుతాయి. పూర్తి ఆహారం అని, కూనలకు అని ప్యాకెట్ మీద రాసి ఉండాలి. దాన్ని యుటిలిటీ బాల్కనీలో మూత గట్టి డబ్బాలో పెట్టుకుని, గిన్నె కూడా అక్కడే విడిగా కడుక్కోవచ్చు. కానీ అందులో ఉన్నది మాంసమేనని అత్తగారికి ముందే చెప్పండి. దాచిపెట్టి తెస్తే తెలిసిన రోజున మిగతా నమ్మకం కూడా పోతుంది. ఆ ప్యాకెట్ కూడా గడప దాటడానికి వీల్లేదంటే, అది మీ ఇంటి నియమం, నేను తప్పుపట్టను. అప్పుడు మాత్రం పిల్లిని తేవద్దు.

తేవడమే ఖాయమైతే మొదటి ఖర్చు బాల్కనీకి పెట్టండి. ఐదో అంతస్తు నుంచి పడితే పిల్లి కాళ్ళ మీద నిలబడుతుందిలే అనుకోకూడదు. పడుతున్నప్పుడు ఒళ్ళు తిప్పుకుంటుంది నిజమే, కానీ ఎముకలు విరుగుతాయి, దవడ పగులుతుంది, ప్రాణమే పోవచ్చు. గ్రిల్ సందులోంచి తల దూరితే ఒళ్ళు కూడా దూరుతుంది. పావురాల కోసం కట్టించే నెట్టే బాల్కనీకంతా బిగుతుగా కట్టించండి, కిటికీలకు గట్టి జాలీ పెట్టించండి. తర్వాత నేలమీద కూర్చుని ఇల్లంతా ఒకసారి దాని కంటితో చూడండి. పాప రబ్బరుబ్యాండ్లు, కుట్టుదారం, సూది కనిపిస్తే తీసేయండి. పిల్లి నాలుక మీద ముళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారాన్ని ఉమ్మేయలేక మింగేస్తుంది, అది పేగుల్ని కోస్తుంది. బీరువాలో కలరా ఉండలు, నేల తుడిచే ఫినాయిల్ రెండూ దానికి విషమే. లిల్లీ పూల గుత్తి ఇంట్లోకి రానే కూడదు. జ్వరంగా ఉందని పారాసిటమాల్ చిన్న ముక్క వేసినా పిల్లి చచ్చిపోవచ్చు. వాషింగ్ మెషీన్ వేసేముందు లోపల చేయి పెట్టి చూడటం అందరూ అలవాటు చేసుకోవాలి.

శుక్రవారం సాయంత్రం తెచ్చుకుంటే రెండు రోజులు మీరంతా ఇంట్లో ఉంటారు. తల్లి పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ వాసన దానికి ధైర్యం. ఇల్లంతా ఒకేసారి చూపించకుండా పాప గదిలోనే ఉంచండి. అక్కడే ఒక మూల పడక, ఇంకో మూల మలమూత్రాలకు ట్రే, వాటికి దూరంగా నీళ్ళు, తిండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఎక్కడ క్షేమమో తేల్చుకోనిదే అది స్థిమితపడదు. కూనా అంతే. వచ్చీరాగానే మంచం కిందకో, బీరువా వెనక్కో దూరుతుంది. లాగొద్దు. పాపను నేలమీద కూర్చుని హోంవర్క్ చేసుకోమనండి. గంటకో, మర్నాటికో అదే బయటికొస్తుంది. అప్పుడు ఒక వేలు దాని ముక్కు ఎత్తులో చాచి కదలకుండా ఉంచాలి. వాసన చూసి, చెంప తెచ్చి వేలికి రాస్తే ముట్టుకోవడానికి ఒప్పుకున్నట్టే. చెవుల వెనక, గడ్డం కింద నిమరవచ్చు. పొట్ట జోలికి పోవద్దు. మొదటి రాత్రులు ఏడుస్తుంది. పడుకునేముందు బాగా ఆడించి తిండి పెడితే త్వరగా పడుకుంటుంది.

ఇల్లు పాడుచేస్తుందేమో అన్న మీ భయం చాలావరకు తీరిపోయేదే. మట్టి గోకి, పని కానిచ్చి, కప్పెట్టడం దాని పుట్టుకలోనే ఉంది. మనం చేయాల్సిందల్లా ఆ మట్టి ఎక్కడుందో చూపించడం. అంచు తక్కువున్న వెడల్పాటి ట్రే తీసుకుని రెండు మూడు అంగుళాల మందాన లిట్టర్, అంటే మట్టికి బదులు పిల్లుల ట్రేలో పోసే గుళికలు, పోయండి. తడి తగిలితే గట్టి ఉండ కట్టే రకం నాలుగు నెలలు దాటేదాకా వద్దు, కూనలు దాన్ని నోట్లో పెట్టుకుంటాయి. సెంటు వాసనలు కూడా వద్దు. మీ కొలీగ్ ఇంట్లోని ట్రే నుంచి ఒక గుప్పెడు లిట్టర్ తెచ్చి ఇందులో కలిపితే సగం పని అయిపోయినట్టే. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట మధ్యలో నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నప్పుడు మెల్లగా ఎత్తి ట్రేలో నిలబెట్టండి. దాని కాలు పట్టుకుని గోకించకండి, బెదురుతుంది. మీ వేలితో పక్కన నాలుగు గీతలు గీస్తే చాలు. మలం రోజుకు రెండుసార్లు తీసేయాలి, ట్రే మురికిగా ఉంటే పరుపు వెతుక్కుంటుంది. ఎక్కడైనా తప్పు చేస్తే కొట్టడం, మూతిని అందులో రుద్దడం ఎప్పుడూ చేయకండి. తప్పేమిటో దానికి అర్థం కాదు, మీరంటే భయం మాత్రం మిగులుతుంది. చేసినచోట వాసన పోయేలా శుభ్రంగా కడగండి. అంతా బాగుండి కూడా మాటిమాటికీ బయట పోస్తుంటే, ముక్కుతుంటే అది మొండితనం కాదు, జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

ముఖ్యంగా నేర్పాల్సింది పాపకే. చేతివేళ్ళు ఆడిస్తూ కూనతో కరిపించుకోవడం ఇప్పుడు ముద్దుగానే ఉంటుంది. ఆరునెలలయ్యాక అదే అలవాటు రక్తం కళ్ళజూస్తుంది. ఆటకు ఎప్పుడూ కర్రకు కట్టిన గుడ్డముక్కో, కాగితపు ఉండో వాడాలి. గుడ్డ కట్టిన కర్రను ఆట అయ్యాక పాప దాచేయాలి. చేయి పట్టుకుంటే లాక్కోకుండా ఆపేసి, వదిలాక లేచి వెళ్ళిపోవాలి. సోఫా గోకకుండా ఒక కర్ర స్తంభానికి కొబ్బరితాడు గట్టిగా చుట్టి సోఫా పక్కనే నిలబెట్టండి. గోళ్ళు గీరుకోవడం దానికి తప్పనిసరి, మనం చోటు మాత్రమే మార్చగలం.

వచ్చిన వారంలోనే వెట్‌కు, అంటే పశువుల డాక్టరుకు చూపించండి. నులిపురుగుల మందు, ఎనిమిది వారాలు దాటాక పిల్లులకు కొన్ని జబ్బులకు కలిపి వేసే కాంబినేషన్ టీకా, నెల తర్వాత రెండో డోసు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేస్తారు. ఇంట్లో ఎవరికైనా రక్తం వచ్చేలా గీరినా, కరిచినా పసుపు అద్ది ఊరుకోకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లి ఆడదైతే నాలుగైదు నెలలకే ఎదకు వస్తుంది, రాత్రంతా అరుస్తుంది, తలుపు తీసి ఉంటే బయటికి జారుకుంటుంది, రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లో నలుగురైదుగురు కూనలు. మగదైతే గోడల మీద మూత్రం చిమ్ముతుంది. ఈ రెండిట్లో ఏది జరిగినా మీ అత్తగారి ఓపిక అక్కడితో సరి. కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరును అడిగి, ఆ నెల మీవారి క్యాలెండర్‌లో రాయించండి.