ఆకుల రంగులు చూసే బస్సు టూర్: షుగర్, స్టెంట్ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 66, మావారికి 71. మాది తణుకు. సెప్టెంబరు చివర్లో న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్టోబరు రెండో వారంలో, ఆకులు రంగులు మారే రోజుల్లో, మా ఇద్దరికీ అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో గైడ్‌తో వెళ్లే బస్సు టూర్ బుక్ చేశాడు. బోస్టన్, న్యూ హ్యాంప్‌షైర్ కొండలు, మెయిన్ అనే రాష్ట్రం తీరం, చివర్లో న్యూపోర్ట్ ఊరు. నాకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హెచ్ (మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయజైడ్) కలిసిన మాత్ర వేసుకుంటాను. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మావారికి రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. ఆ చలి, ఆ కొండలు తట్టుకోగలమా అని టెన్షన్‌గా ఉంది. బస్సులో బాత్‌రూమ్ ఇబ్బంది లేకుండా ఆ రోజుల్లో నీళ్లు తగ్గించి, బీపీ మాత్ర మానేద్దామనుకుంటున్నాను. పర్వాలేదా?

జవాబు: అమ్మా, టూర్‌కి వెళ్లొచ్చు. నీళ్లు తగ్గించి, బీపీ మాత్ర మానేద్దామన్న ఆలోచన మాత్రం దయచేసి వదిలేయండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది కొండలూ చలీ కాదు, ఆ ఒక్క వాక్యమే.

ముందు కొండల సంగతి. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఈ బస్సులు ఎక్కువగా వెళ్లే కాంకమాగస్ రోడ్డు దాదాపు 55 కిలోమీటర్లు ఉంటుంది. అందులో అన్నిటికన్నా ఎత్తైన చోటు సుమారు 870 మీటర్లు, అంటే ఇంచుమించు మన తిరుమల అంత. ఎత్తు వల్ల ఊపిరాడకపోవడం లాంటివి సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే వస్తాయి. అక్కడి పెద్ద శిఖరం మౌంట్ వాషింగ్టన్ కూడా 1,917 మీటర్లే. కాబట్టి ఎత్తు గురించి బెంగ వద్దు.

చలి విషయం వేరు, ముఖ్యంగా మీవారికి. ఆ కొండల్లో అక్టోబరు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దాకా దిగిపోవచ్చు. మధ్యాహ్నానికి ఎండ కాసి స్వెటర్ తీసేయాలనిపిస్తుంది. చల్లగాలి తగలగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. కడుపు నిండా టిఫిన్ తిని, ఎదురుగాలిలో, ఫొటో కోసం గబగబా ఎత్తు ఎక్కితే ఈ భారాలన్నీ ఒకేసారి గుండె మీద పడతాయి. స్టెంట్ ఉన్నవాళ్లకి ఛాతీ పట్టేసినట్టు అనిపించేది ఇలాంటప్పుడే. బస్సు దిగేముందే మఫ్లర్‌తో ముక్కూ నోరూ కప్పుకోమనండి. మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోతున్నారని వేగం పెంచొద్దు. ఆయన నడుస్తూ మాట్లాడగలుగుతుంటే ఆ వేగం సరైనదే. మాట తెగుతుంటే అక్కడే ఆగిపోవాలి.

బయల్దేరడానికి నెల ముందు మీవారిని గుండె డాక్టరుకు చూపించండి. ఇప్పుడు రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసం గానీ ఛాతీలో బరువు గానీ వస్తున్నాయేమో దాచకుండా చెప్పాలి. ఈసీజీ, అవసరమైతే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష ఆయనే రాస్తారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే అది చొక్కా జేబులో ఉండాలి. బస్సు కింద లగేజీలో పెట్టిన సూట్‌కేసులో ఉంటే అవసరానికి అందదు. ఆ మాత్ర కూర్చునే పెట్టుకోవాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఇక మీ నీళ్ల సంగతి. మన ఆడవాళ్లలో ప్రయాణం అనగానే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించే అలవాటు చాలా ఎక్కువ. మన హైవేల మీద టాయిలెట్ల పరిస్థితి చూస్తే ఎవరినీ తప్పుపట్టలేం. కానీ మీరు వెళ్లే టూర్‌లో ఆ అవసరం లేదు. పెద్ద టూర్ బస్సుల్లో సాధారణంగా వెనక చిన్న టాయిలెట్ ఉంటుంది. దారిలో కూడా ఆపుతుంటారు. షుగర్ ఉన్న మీరు రోజంతా నీళ్లు లేకుండా కూర్చుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. రక్తం చిక్కబడి, కాళ్లు కదలక, పిక్కల్లో గడ్డ కట్టే అవకాశమూ పెరుగుతుంది. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా ఈ ముప్పు కొంత ఉంటుంది. మీరు ముందు ఒక రోజంతా విమానాల్లో కూర్చుని వెళ్తున్నారు కూడా. అందుకే విమానం దిగడానికీ టూర్ మొదలవడానికీ మధ్య కనీసం వారం ఉండటం మంచిది. మీ తేదీల్లో అది ఉంది, సంతోషం.

మీరు వేసుకునేది రెండు మందులు కలిసిన మాత్ర. అది మానేస్తే మూత్రం ఎక్కువ చేసే హెచ్ ఒక్కటే కాదు, బీపీని పట్టి ఉంచే టెల్మిసార్టాన్ కూడా ఆగిపోతుంది. చలికి బీపీ ఎటూ పెరిగే రోజుల్లో అలా చేయకూడదు. బస్సు ఎక్కువసేపు నడిచే రోజుల్లో ఆ మాత్ర పొద్దున కాకుండా సాయంత్రం హోటల్‌కి చేరగానే వేసుకోవచ్చేమో మీ డాక్టర్ని అడగండి. చాలామందికి కుదురుతుంది. అయితే ఆ మార్పు ఇక్కడే నాలుగు రోజులు ముందుగా చేసి చూసుకోండి, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తోందో తెలుస్తుంది.

బస్సులో నడవ పక్క సీటు అడగండి. చాలా గైడెడ్ టూర్లలో అందరికీ కిటికీ దక్కాలని రోజూ సీట్లు మారుస్తారు. మోకాళ్ల సంగతి గైడ్‌కి మొదటి రోజే చెబితే సర్దుతారు. కూర్చున్నచోటే గంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించండి. పిక్కల్ని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు మంచివే, కానీ షుగర్ ఉన్నవాళ్లు పాదాల్లో రక్తప్రసరణ చూపించుకోకుండా వేసుకోకూడదు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి మొదలైతే అది అలసట అనుకోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

గ్లిమిపిరైడ్‌తో ఇంకో జాగ్రత్త. ఇంట్లో ఎనిమిదింటికి మాత్ర వేసుకుని, ఇడ్లీలు తిని, కుర్చీలో కూర్చునే రోజు వేరు. బోస్టన్‌లో ఫ్రీడమ్ ట్రెయిల్ అని ఎర్ర ఇటుకల గీత వెంబడి పాత చర్చిలు, సమాధులు, 1700ల నాటి భవనాలు చూసుకుంటూ వెళ్లే దారి ఉంది, మొత్తం 4 కిలోమీటర్లు. హోటల్ టిఫిన్ నోటికి నచ్చక రెండు ముక్కలు తిని అంత దూరం నడిస్తే షుగర్ పడిపోతుంది. ప్లేటు ఎదురుగా పెట్టుకున్నాకే ఆ మాత్ర వేసుకోండి, గదిలో వేసుకుని లిఫ్టు కోసం ఎదురుచూడొద్దు. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడటం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోండి. తగ్గాక కూడా బిస్కెట్లో బ్రెడ్డో తినాలి, ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి. నడక ఎక్కువున్న రోజుల్లో డోసు తగ్గించాలా అన్నది మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. అక్టోబరులో మనకీ అక్కడికీ తేడా తొమ్మిదిన్నర గంటలు. మీ మాత్రలు భోజనాన్ని బట్టి వేసుకునేవి కాబట్టి అక్కడి పూటల్ని అనుసరిస్తే సరిపోతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లకి ఇంత తేలిక కాదు, వాళ్లు డాక్టర్‌తో లెక్క రాయించుకునే బయల్దేరాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మీవారు లాబ్‌స్టర్ తినొచ్చు, పక్కన ఇచ్చే కరిగిన వెన్న వద్దు. క్లామ్ చౌడర్ అనే సూప్‌లో ఉప్పు బాగా ఉంటుంది, చాలాచోట్ల పంది మాంసం కూడా వేస్తారు. మేపుల్ సిరప్ అనే తియ్యటి పాకం చెట్టు నుంచి వచ్చిందే అయినా ఒక టేబుల్ స్పూనులో దాదాపు 12 గ్రాముల చక్కెర ఉంటుంది.

మోకాళ్ల నొప్పి పెరిగిన సాయంత్రం మీ అబ్బాయి ప్రేమగా ఐబుప్రోఫెన్ ఇస్తాడు, అక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది. మీరు తీసుకోవద్దు. టెల్మిసార్టాన్, హెచ్ వాడేవాళ్లు, అందులోనూ నీళ్లు తక్కువ తాగినవాళ్లు, ఈ రకం నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె జబ్బున్న మీవారికీ అవి మంచివి కావు. పారాసిటమాల్ వాడండి. అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో అమ్ముతారు. జలుబు మాత్రల్లోనూ పేరు చివర 'డి' ఉన్నవి బీపీ పెంచుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. మోకాళ్లకు మాత్రకన్నా ముందు చేతికర్ర సాయం చేస్తుంది. మడిచే కర్ర ఒకటి కొనుక్కుని ఇక్కడే అలవాటు చేసుకోండి. బోస్టన్‌లోని బంకర్ హిల్ స్తూపానికి 294 మెట్లున్నాయి, కింద నుంచే చూడండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అంత అందమైన ఎర్రటి ఆకులు చూశాక పుస్తకంలో దాచుకోవడానికి ఒకటి కోసుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఆ ప్రాంతంలో పాయిజన్ ఐవీ అనే మొక్క విరివిగా ఉంటుంది. తీరంలో ఇసుక దిబ్బల పక్కన, రాతి గోడల మీద, చెట్ల మొదళ్లకు అల్లుకుని పెరుగుతుంది. శరదృతువులో దాని ఆకులూ ముచ్చటగా ఎర్రబడతాయి. ఒక కాడకు మూడు ఆకులుంటాయి, నడిమి ఆకు కాడ కాస్త పొడుగ్గా ఉంటుంది. అది మన నల్లజీడి కుటుంబానికి చెందిన మొక్కే. పూర్వం చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే పొక్కులు లేచేవని మీ పెద్దలు చెప్పే ఉంటారు. దీని జిడ్డూ అంతే. ఒకటి రెండు రోజులకు దురద, నీటి పొక్కులు మొదలై రెండు మూడు వారాలు వేధిస్తాయి. మేపుల్ ఆకు కావాలంటే దారి మీద రాలినదాన్ని, అదేనని గైడ్ చెప్పాకే తీసుకోండి. తాకేశానని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో బాగా కడుక్కోండి.

రాలిన ఆకుల గుట్టల్లో కూర్చుని ఫొటోలు దిగడం కూడా వద్దు. అక్కడ జింకల మీద ఉండే పిడుదులు నువ్వుగింజంత ఉంటాయి, అక్టోబరులో చురుగ్గా తిరుగుతాయి. అవి కుడితే వచ్చే లైమ్ జ్వరానికి ఆ పేరు పక్కనే కనెక్టికట్‌లో ఉన్న లైమ్ అనే ఊరి వల్లే వచ్చింది. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో చూసుకోండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి, నలపకూడదు, కాల్చకూడదు. ఒకరోజులోపే తీసేస్తే జబ్బు అంటుకునే అవకాశం బాగా తక్కువ. తర్వాత నెలరోజుల్లోపు పెరుగుతూ పోయే మచ్చ గానీ జ్వరం గానీ వస్తే డాక్టరుకు ఆ టూర్ సంగతి చెప్పండి. అప్పటికి తణుకు వచ్చేసి ఉన్నా సరే చెప్పాలి, లేకపోతే ఇక్కడ ఎవరికీ ఆ అనుమానమే రాదు. మన రంగు చర్మం మీద ఆ మచ్చ ఎర్రగా కనిపించకపోవచ్చు.

మందులు ఉండబోయే రోజులకన్నా రెండు వారాలు ఎక్కువే తీసుకెళ్లండి. షీట్లు కత్తిరించకుండా, అసలు పేర్లతో రాసిన చీటీతో, చేతి సంచిలోనే ఉంచుకోండి. మన చీటీకి అక్కడి షాపులో మందులివ్వరు. ఫ్లూ టీకా టూర్‌కి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు, పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఖర్చు ఇస్తారా, మీవారి వయసుకి ఎంతవరకు ఇస్తారు అన్న రెండు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తెప్పించమని మీ అబ్బాయికి చెప్పండి. మీ ఇద్దరి జబ్బులు, మందులు, స్టెంట్ వేసిన తేదీ ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయించి చెరొకటి దగ్గర పెట్టుకోండి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, స్పృహ తప్పడం లాంటివి ఏవి కనిపించినా అబ్బాయికి ఫోన్ చేసేముందు గైడ్‌కి చెప్పి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేయించండి. అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, అంబులెన్స్ మీరున్న ఊళ్లోనే ఉంటుంది.