ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: సార్, మాది నంద్యాల. బెంగళూరులో హూడి దగ్గర ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్ళ అనుభవం, ఇది రెండో కంపెనీ. మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. సెప్టెంబర్ 30 నా ఆఖరి రోజు. ఆరు చోట్ల ఇంటర్వ్యూలు ఇచ్చాను. ఒక పెద్ద కంపెనీలో హెచ్ఆర్ రౌండ్ కూడా అయింది, పాత జీతమే ఇస్తామన్నారు. "రెండు రోజుల్లో చెప్తాం" అన్నవాళ్ళు మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేరు. ఒక చిన్న కంపెనీ ఏడాదికి 16 లక్షలు ఇస్తాం, అందులో పది శాతం వేరియబుల్, శుక్రవారంలోగా చెప్పమంటోంది. ఇప్పుడు నా చేతికి వచ్చేది నెలకు 1,38,000. మా ఆవిడ ప్రీస్కూల్లో చేస్తుంది, 18,000 వస్తుంది. పాప రెండో తరగతి. సెటిల్‌మెంట్‌తో కలిపి బ్యాంకులో 2,10,000, ఎఫ్‌డీ 3 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 5,40,000, పీఎఫ్‌లో 7,80,000 ఉన్నాయి. నంద్యాలలో కొన్న స్థలం మీద ఇంకా 7,40,000 అప్పుంది. పీఎఫ్ తీసి అది కట్టేస్తే టెన్షన్ తగ్గుతుందా? చిన్న కంపెనీకి సరే అనేయాలా? నాన్నకి 64 ఏళ్ళు, షుగర్ ఉంది, మా కంపెనీ ఆరోగ్య బీమాలోనే ఉన్నారు. ఉద్యోగం సంగతి ఆయనకింకా చెప్పలేదు. ఖర్చుల లెక్క జత చేశాను.

జవాబు: శుక్రవారం సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మీ ఖర్చుల చీటీ చూద్దాం. అద్దె, మెయింటెనెన్స్ 28,000. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్ కలిపి 24,000. కారు ఈఎంఐ 14,200, స్థలం ఈఎంఐ 21,300, నంద్యాలకు పంపేది 8,000, స్కూల్ వ్యాను, పెట్రోలు 6,500, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌లు 15,000. మొత్తం 1,17,000. సిప్‌లు ఈ నెలే ఆపేయండి. ఆపినా కొన్న యూనిట్లు ఎక్కడికీ పోవు, ఉద్యోగం రాగానే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. అప్పుడు ఖర్చు 1,02,000. మీ ఆవిడ జీతం పోను నెలకు పడే లోటు 84,000. నాన్నగారికి పంపే ఎనిమిది వేల జోలికి నేను పోలేదు, మీరూ పోకండి.

బ్యాంకులోదీ ఎఫ్‌డీ కలిపితే 5,10,000. అందులోంచి పాప రెండో టర్మ్ ఫీజు 36,000, ఆరోగ్య బీమాకు ఒక 45,000 ముందే తీసి పక్కన పెట్టండి. మిగిలిన 4,29,000ను 84,000తో భాగిస్తే ఐదు నెలలు దాటి కొన్ని రోజులు. అంటే ఫండ్లు, పీఎఫ్, ఇంట్లో బంగారం ఏదీ ముట్టుకోకుండా ఫిబ్రవరి ఆఖరు దాకా ఇల్లు నడుస్తుంది. మీ ఉత్తరం చదివితే వచ్చే నెలే గండం అన్నట్టుంది, లెక్క మాత్రం అలా లేదు.

అయితే ఐదు నెలలు ఉన్నాయని ఐదు నెలలూ వెతుక్కోవచ్చు అనుకునేరు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆఫర్ లెటర్ వచ్చాక కాగితాలు అడుగుతారు, వెరిఫికేషన్ అంటారు, చేరే తేదీ ఇస్తారు. నెల సగం దాటాక చేరితే చాలా కంపెనీల్లో ఆ నెల జీతాల లెక్క అప్పటికే మూసేస్తారు, మీకు మొదటి జీతం పై నెల ఆఖర్నే. ఆఫర్ చేతికొచ్చిన రోజు నుంచి ఖాతాలో డబ్బు పడేసరికి ఆరు వారాల నుంచి రెండు నెలలు పట్టడం మామూలే. ఫిబ్రవరి ఆఖరుకి జీతం పడాలంటే క్రిస్మస్ నాటికి ఏదో ఒక ఆఫర్ మీ దగ్గర ఉండాలి. మీకు నిజమైన గడువు అదే, ఈ శుక్రవారం కాదు.

ఇక పీఎఫ్. ఆశ ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. పీఎఫ్, అప్పు దాదాపు సమానంగా కనిపిస్తున్నాయి, దానితో దీన్ని కొట్టేస్తే పీడా పోతుందనిపిస్తుంది. కట్టేశారనుకుందాం. 21,300 ఈఎంఐ తప్పి, నెల లోటు 62,700కి దిగుతుంది. ఉన్న 4,29,000 అప్పుడు ఆరు నెలల ఇరవై అయిదు రోజులు వస్తుంది. అంటే 7,40,000 పోసి మీరు కొనుక్కున్నది రెండు నెలలు కూడా లేదు. అదే సొమ్ము మీ దగ్గరే ఉంటే, పూర్తి లోటు లెక్కన కూడా దాదాపు తొమ్మిది నెలల ఖర్చు. పైగా స్థలంలోకి వెళ్ళిన డబ్బు మనకు అవసరమైన రోజున బయటికి రాదు. నంద్యాలలో అయినా, హొసకోటలో అయినా అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. మీ సర్వీసు తొమ్మిదేళ్ళు. పీఎఫ్‌లో భాగంగా ఉండే పెన్షన్ పథకంలో పదేళ్ళు నిండితే 58 ఏళ్ళ తర్వాత పెన్షన్‌కి అర్హత వస్తుంది. గుమ్మం దగ్గర ఉన్నారు. పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ తొమ్మిదేళ్ళూ చెరిగిపోతాయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పదిహేను వేల జీతం పరిమితి మీద లెక్క కాబట్టి ఆ పెన్షన్ నెలకు రెండు వేల పైచిలుకే, గొప్ప మొత్తమేం కాదు. అయినా తొమ్మిదేళ్ళు మోసి పదో ఏట దించుకోవడం నాకైతే మనసొప్పదు. మీ మొదటి కంపెనీ పీఎఫ్ రెండోదానిలో కలిసిందో లేదో ఈ వారమే పోర్టల్‌లో చూసుకోండి. ఈ కంపెనీలో మీరు ఉన్నది నాలుగేళ్ళే అయితే, పాత ఖాతా కలవకుండా డబ్బు తీస్తే ఐదేళ్ళు నిండలేదని పన్ను కూడా పడొచ్చు.

ఇప్పుడు చిన్న కంపెనీ. 16 లక్షలను పన్నెండుతో భాగించి 1,33,000 అనుకుని ఉంటారు, పాత జీతానికి అయిదు వేలే తక్కువ కదా అని. అలా ఉండదు. వాళ్ళు పంపిన జీతం బ్రేకప్‌లో పది శాతం వేరియబుల్ ఉందని మీరే రాశారు. అది నెలనెలా రాదు, కంపెనీ బాగుంటేనే వస్తుంది. కంపెనీ తరఫు పీఎఫ్, గ్రాట్యుటీ కూడా ఆ 16లోనే కలిపి చూపిస్తారు. అవన్నీ తీసి, మీ పీఎఫ్, కొత్త పద్ధతిలో పన్ను, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి సుమారు 1,07,000 వస్తుంది. పెద్ద కంపెనీతో తేడా నెలకు 31,000.

ఈ తేడా పెద్దదే. కానీ ఊరికే కూర్చున్న ప్రతి నెలా 1,07,000 పోతోంది కదా. దాన్ని నెలకు 31,000 చొప్పున రాబట్టుకోవాలంటే మూడున్నర నెలలు పడుతుంది. పెద్ద కంపెనీ కోసం మూడు నెలలు ఆగితే, చేరాక పదిన్నర నెలలు పనిచేస్తే గానీ ఆగినందుకు నష్టం పూడదు, అదీ వాళ్ళు నిజంగా పిలిస్తే. అందుకని నా మాట ఇది: పెద్ద కంపెనీకి ఇంకో రెండు వారాలివ్వండి, అంతకు మించి వద్దు. చిన్న కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టి, పక్క వారం దాకా టైమ్ అడగండి. అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ అయితే, అక్కడ సెలవు అడిగినా గొడవే. టైమ్ అడిగేటప్పుడే నోటీసు పీరియడ్ ఎంత, ఇన్నాళ్ళు మానకూడదనే బాండ్ ఏమైనా ఉందా అని కూడా రాతలో తెప్పించుకోండి. నోటీసు తొంభై రోజులైతే, రేపు మంచి అవకాశం వచ్చినా అవతలివాళ్ళు ఆగరు.

పని మీ లైనులోదే అయి, బాండ్ లేకపోతే నేను చేరమనే అంటాను. చేరే తేదీకి ముందు పెద్ద కంపెనీ లెటర్ వస్తే, వీళ్ళకు ఫోన్ చేసి మర్యాదగా చెప్పేయండి. చేరిన ఇరవై రోజులకు మానేస్తే మాత్రం అది మీ పీఎఫ్ రికార్డులో కనిపిస్తుంది, తర్వాత వెరిఫికేషన్‌లో ప్రతివాళ్ళూ అడుగుతారు.

పెద్ద కంపెనీ హెచ్ఆర్‌కి రోజూ ఫోన్ చేయకండి. వారానికి ఒక మెయిల్, అందులో "నాకు ఇంకో ఆఫర్ ఉంది, ఫలానా తేదీలోగా తెలిస్తే మంచిది" అన్న ఒక్క వాక్యం చాలు. నిజం కాబట్టి రాయొచ్చు. నా ఉద్యోగాల రోజుల్లో కోరమంగళలో ఒకచోట ఇంటర్వ్యూ అయ్యాక, స్నానానికి వెళ్ళినా ఫోన్ గూట్లో పెట్టుకునేవాణ్ణి. ఆ ఫోన్ ఇప్పటిదాకా రాలేదు. వాళ్ళు చెప్పని కారణం ఏదైనా కావచ్చు: బడ్జెట్ ఆగిపోయి ఉండొచ్చు, సంతకం పెట్టాల్సినాయన లీవులో ఉండొచ్చు. ఫోన్లో "సెలెక్ట్ అయ్యారు" అన్నారని ఒక్క రూపాయి ఖర్చు కూడా పెంచకండి. ల్యాప్‌టాప్ డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ముందు డబ్బు అడిగినవాళ్ళు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కారు. పొరపాటున కట్టేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

క్రిస్మస్ దాకా ఏదీ రాకపోతే కారు అమ్మేయండి, ఫండ్లలో రెండు లక్షలు తీయండి, ఆ వరసలోనే. ఇల్లు మారే ఆలోచన మాత్రం వద్దు. బెంగళూరులో కొత్త ఇల్లంటే మళ్ళీ నెలల కొద్దీ అడ్వాన్సు, ప్యాకర్స్ ఖర్చు, పాత ఓనర్ పెయింటింగ్ పేరుతో కోసుకునేది. తగ్గే అద్దె వీటికే సరిపోతుంది. క్రెడిట్ కార్డు మీద మినిమమ్ కడుతూ నెట్టుకురావడం అన్నిటికంటే చెడ్డ దారి, చాలా కార్డుల్లో వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది.

కొత్త చోట చేరినప్పుడు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వచ్చిన జీతం, అందులో పన్ను కింద కోసిన టీడీఎస్ వివరాలు వాళ్ళకు ఇవ్వండి. ఇవ్వకపోతే ఇద్దరూ పన్ను శ్లాబులను విడివిడిగా లెక్కేస్తారు, రిటర్న్ వేసేటప్పుడు తేడా మొత్తం మీ నెత్తిన పడుతుంది.

నాకు అన్నిటికంటే తొందర అనిపించింది మీరు అడగని విషయం. నాన్నగారు మీ కంపెనీ బీమాలో ఉన్నారు. మామూలుగా అది మీ ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. కొత్తగా తీసుకుంటే షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, అదొక ఊరట. మీరింకా ఉద్యోగంలో ఉండగానే, అంటే 30 లోపే, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి ఆ దరఖాస్తు తెప్పించుకోండి.

ఆ దరఖాస్తులో నాన్నగారి షుగర్ రిపోర్టులు, వాడే మందుల పేర్లు ఒక్కటీ దాచకుండా రాయాలి. అవి నంద్యాలలో, ఆయన బీరువాలో ఉంటాయి. దసరాకి వెళ్ళినప్పుడు చూద్దాం అనుకుంటే తేదీ దాటిపోతుంది. ఈ ఆదివారం ఫోన్ చేసి ఉద్యోగం సంగతి చెప్పి, రిపోర్టులు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి.